క్రియాటినిన్ 3.4 ఉన్న పిల్లిని హోమియోతోనే నెట్టుకురావచ్చా?

సోంపేట నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. వాళ్ళ ఆడపిల్లి చిట్టికి పన్నెండేళ్ళు. కొన్ని నెలలుగా నీళ్ళు తెగ తాగుతోంది, బాగా చిక్కిపోయింది, తిన్నది కక్కేస్తోంది. ఊళ్ళో ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపవలసిన మలినం) 3.4 వచ్చింది. పశువుల ఆసుపత్రి డాక్టరుగారు మూడు రోజులు సెలైన్ పెట్టి, ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు కాదు, సెలైన్ మాత్రం మానొద్దు అన్నారు. అదే వారంలో వాళ్ళ మావయ్యగారు ఆర్సెనికం ఆల్బం 30 మాత్రలు, బెర్బెరిస్ వల్గారిస్ మదర్ టింక్చర్ చుక్కలు ఇచ్చారు. పది రోజులు తిరిగేసరికి చిట్టి లేచి తిరుగుతోంది, అన్నం దగ్గరికి వస్తోంది. ఇక సూదులు మానేసి హోమియోతోనే నడిపించవచ్చా, మనుషుల్లో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతం నీళ్ళ వల్లే పిల్లికి కూడా కిడ్నీలు పోయాయా అని ఆమె అడుగుతోంది.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తానమ్మా. సెలైన్ మానొద్దు. ఆ తెల్ల మాత్రల వల్ల చిట్టికి కీడు లేదు, మేలూ లేదు. టింక్చర్ సీసా మాత్రం ఇవాళే పక్కన పెట్టెయ్యండి. నీళ్ళ సంగతి తర్వాత చెప్తాను.

నేను పశువుల డాక్టర్ని, రిటైరయ్యాను. ఉద్యోగమంతా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనే. హోమియో మీద నాకు పగేమీ లేదు. మా నాన్నగారు బడిపంతులు. సాయంత్రం అరుగు మీద చెక్కపెట్టె తెరిచి కూర్చుని వీధిలో వాళ్ళందరికీ పొట్లాలు కట్టేవారు. కోస్తాలో చాలా ఊళ్ళలో ఇదే కథ. రాజమండ్రిలో, గుడివాడలో ప్రభుత్వ హోమియో కాలేజీలే ఉన్నాయి. చవక, చేదు ఉండదు, సూది ఉండదు. పైగా హోమియో తెలిసినాయన దగ్గర కూర్చుంటే అరగంట ఓపిగ్గా వింటాడు. మా పశువుల ఆసుపత్రిలో ఉదయం పూట ఎదకొచ్చిన ఆవులు, కుంటే ఎడ్లు, టీకాల మేకలు. వాటి మధ్య పిల్లికి దొరికేది రెండు నిమిషాలు. జనం హోమియో వైపు వెళ్తున్నారంటే అందులో మా శాఖ వాటా కూడా ఉంది. మీ మావయ్యగారు కూడా పిల్లి మీద ప్రేమతోనే ఇచ్చి ఉంటారు, అందులో అనుమానం లేదు.

కానీ చిట్టి లేచి తిరగడానికి కారణం ఏమిటన్నది ప్రేమను బట్టి తేలే విషయం కాదు. ఆ వారం అసలేం జరిగిందో చూద్దాం.

పిల్లులది మూలంలో ఎడారి జాతి. తక్కువ నీళ్ళతో బతకడానికి వీలుగా వాటి కిడ్నీలు మూత్రాన్ని బాగా చిక్కబరుస్తాయి. వయసు మీద పడి కిడ్నీలు మూడింట రెండొంతులు పాడయ్యేసరికి ఆ చిక్కబరిచే శక్తి పోతుంది. మూత్రం పల్చగా, ఎక్కువగా పోతుంది. పోయినదాన్ని పూడ్చుకోవడానికి పిల్లి నీళ్ళు తాగుతుంది. మీరు చూసింది అదే. ఇంచుమించు నాలుగింట మూడొంతులు పోయాక గానీ రక్తంలో క్రియాటినిన్ పెరగదు. అందుకే జబ్బు బయటపడేసరికి చాలా ఆలస్యమై ఉంటుంది, అది పెంచినవాళ్ళ తప్పు కాదు. ఇక్కడి నుంచి ఒక విషవలయం మొదలవుతుంది. ఒంట్లో మలినాలు పెరిగితే వాంతి. వాంతి అయితే తిండి, నీళ్ళు తగ్గుతాయి. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీకి రక్తం సరిగ్గా అందక క్రియాటినిన్ ఇంకా ఎగబాకుతుంది. దాంతో ఇంకా వాంతులు.

సెలైన్ చేసేది ఈ వలయాన్ని తెంచడం. పాడైన కిడ్నీని అది బాగు చెయ్యదు, మిగిలిన పావువంతు కిడ్నీకి ఊపిరి పీల్చుకునే వెసులుబాటు ఇస్తుంది. మూడు రోజులు సెలైన్ పడిన పిల్లి వారంలో లేచి తిరగడం నేను ఎన్నోసార్లు చూశాను, వాటిలో హోమియో వేసినవి చాలా తక్కువ. మీ ఇంట్లో రెండూ ఒకే వారంలో మొదలయ్యాయి కాబట్టి పేరు రెండో దానికి వచ్చింది. సెలైన్ పెట్టేటప్పుడు పిల్లి అరిచింది, రక్కింది, మీకు కన్నీళ్ళు వచ్చి ఉంటాయి. మాత్ర వేసేటప్పుడు ఏ గొడవా లేదు. ఏది మనసుకు హాయిగా ఉంటే దానికే మార్కులు వేస్తాం, ఎవరికైనా అది సహజమే.

దీన్ని కొలిచి చూసినవాళ్ళు ఉన్నారు. కీళ్ళ వాపుతో కుంటే కుక్కల మీద జరిగిన ఒక పరిశీలన 2012లో అమెరికా పత్రికలో వచ్చింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన కుక్కల్లో కూడా చాలావాటి యజమానులు "నడక మెరుగైంది" అన్నారు. యజమానులే కాదు, చూసిన డాక్టర్లూ అన్నారు. కాలు ఎంత బరువు మోపుతోందో చెప్పే పలక మీద నడిపిస్తే ఏ తేడా లేదు. కుక్కకు మాత్ర మీద నమ్మకం ఉండదు, నిజమే. నమ్మకం చూసే మనిషికి ఉంటుంది. "జంతువులకు పనిచేసిందంటే అది నమ్మకం మహిమ కాదు, మందు మహిమే కదా" అని మీ మావయ్యగారు అంటే చెప్పవలసిన జవాబు ఇదే. పైగా కిడ్నీ జబ్బు ఒకే తీరున ఉండదు, కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు కుంగుతుంది. మనం కొత్త మందు వెతికేది బాగా కుంగిన రోజునే. ఆ తర్వాత ఏది వేసినా కాస్త తేరుకున్నట్టే కనిపిస్తుంది.

ఇక మాత్రలో ఏముందో చూద్దాం. జర్మనీ డాక్టరు హానెమన్ 1796లో ఈ పద్ధతికి పునాది వేశాడు. ఆరోగ్యవంతుడిలో ఏ లక్షణాలు పుట్టిస్తుందో ఆ లక్షణాలున్న రోగికి అదే పదార్థాన్ని పల్చన చేసి ఇవ్వాలన్నది సూత్రం. 30 అంటే ఒక వంతు మందుకు తొంభైతొమ్మిది వంతుల ద్రవం కలిపి, అందులో ఒక వంతు తీసి మళ్ళీ అలాగే కలపడం, అలా ముప్పై సార్లు. లెక్క వేస్తే ఒకటి పక్కన అరవై సున్నాలు పెట్టినంత పల్చన. పన్నెండోసారి దాటాక అసలు పదార్థంలో ఒక్క అణువైనా మిగిలే అవకాశం దాదాపు లేదని రసాయనశాస్త్రం ఇంటర్ పుస్తకమే చెబుతుంది. ఆర్సెనికం ఆల్బం అంటే పాషాణం. అది కిడ్నీలను దెబ్బతీసే విషం. కాబట్టి మీ మాత్రలో అది లేకపోవడం మన అదృష్టమే అనుకోవాలి. ఉన్నది పాలచక్కెర. పిల్లులకు పాలచక్కెర సరిగ్గా అరగదు గానీ రోజుకు నాలుగైదు గుళికలు లెక్కలోకి రావు.

ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి 2015లో మనుషుల మీద జరిగిన పరీక్షలన్నీ వడపోసి, ఏ జబ్బుకైనా హోమియో పనిచేస్తుందని నమ్మదగిన రుజువు లేదని తేల్చింది. బ్రిటన్‌లో పశువైద్యుల నియంత్రణ సంస్థ 2017లో ఇంకా సూటిగా చెప్పింది: రుజువులేని ఇలాంటి చికిత్సలు అసలు చికిత్సకు బదులుగా ఉండకూడదు, దాన్ని ఆలస్యం చెయ్యకూడదు. నా అభిప్రాయం కూడా అదే. మన దేశంలో జంతువులకు వైద్యం చేసే అర్హత రిజిస్టరైన పశువైద్యులదే, 1984 నాటి చట్టం ఉంది. హోమియో డిగ్రీ మనుషుల వైద్యానికి. అయినా ఇంట్లో మావయ్య మీద చట్టం గురించి మాట్లాడి లాభమేముంది, వదిలెయ్యండి.

టింక్చర్ సంగతి వేరు. మదర్ టింక్చర్ అంటే పల్చన చెయ్యని అసలు సారం. బెర్బెరిస్ చెట్టు బెరడును ఆల్కహాల్‌లో నానబెట్టి తీసింది. అందులో నిజంగానే మందు ఉంది, ఆల్కహాలూ ఉంది. మనుషుల్లో కిడ్నీ రాళ్ళకు మన ఊళ్ళలో హోమియో షాపువాళ్ళు ఇచ్చేది ఇదే, అక్కడి నుంచే మీ మావయ్యగారికి తోచి ఉంటుంది. చిట్టికి ఉన్నది రాళ్ళు కాదు, అరిగిపోయిన కిడ్నీలు. పిల్లి కాలేయానికి కొన్ని పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పుట్టుకతోనే తక్కువ. మనం తలనొప్పికి వేసుకునే పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపేస్తుంది. మూడున్నర కిలోల ఒంటికి, అదీ కిడ్నీలు పనిచెయ్యని ఒంటికి, రోజూ ఆల్కహాల్ చుక్కలు పోయడం నేను ఒప్పుకోను. చుక్క పడగానే నోట్లోంచి చొంగ కారుతోందని మీరు రాశారు. అది మందు పట్టడం కాదమ్మా, నోరు మండడం. ఈ జబ్బులో చిగుళ్ళ దగ్గర, నాలుక అంచున పుళ్ళు పడతాయి, వాటి మీద ఆల్కహాల్ పడితే ఎలా ఉంటుందో మీరే ఊహించండి. నోరు నొప్పి పెడితే పిల్లి తిండి మానేస్తుంది, అసలే తిండి మీద ఆధారపడి బతకవలసిన పిల్లి.

మావయ్యగారి మాట తీసెయ్యలేకపోతే గుళికలు వెయ్యండి, టింక్చర్ వద్దు. గొడవ పడకుండా అంతమాత్రం సర్దుబాటు చేసుకోవచ్చు. అయితే పిల్లి నోరు రోజుకు మూడుసార్లు తెరవడం దానికి చికాకు. అది మన చేతుల్లో ఉన్న ఓపిక, దాన్ని పనికొచ్చే మాత్రలకు దాచుకోవడం మంచిది.

హోమియో ప్రాణం తీసే సందర్భాలు కూడా ఉన్నాయి, మాత్ర వల్ల కాదు, వేచి చూడడం వల్ల. విజయనగరంలో పనిచేసేటప్పుడు ఒకాయన మగపిల్లిని బుట్టలో పెట్టుకొచ్చాడు. ఇసుక తొట్టెలో కూర్చుని ముక్కుతోంది, చుక్క కూడా రావట్లేదు. మూత్రంలో మంటకు హోమియోలో కాంథారిస్ ప్రసిద్ధి, అది వేస్తూ మూడు రోజులు చూశారు. నేను పొట్ట తడిమేసరికి మూత్రసంచి బత్తాయికాయంత బిగిసి ఉంది. మగపిల్లి మూత్రనాళం సన్నం, మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. ట్యూబు వేసినా ఆ పిల్లి నిలవలేదు. మొదటి రోజే వచ్చి ఉంటే చాలా మటుకు బతికేదే. మీది ఆడపిల్లి కాబట్టి ఈ భయం తక్కువ. కానీ ఇది చదివే మగపిల్లుల వాళ్ళ కోసం రాస్తున్నాను. ఆడదైనా మగదైనా పూర్తిగా ఒక రోజు దాటి ఏమీ తినకపోయినా, నోరు తెరిచి రొప్పినా, ఉన్నట్టుండి కళ్ళు పెద్దవై గోడలకు గుద్దుకుంటున్నా, వెనక కాళ్ళు పడిపోయి అరుస్తున్నా ఆ పూటే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. పిల్లి రోజుల తరబడి తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి అదొక కొత్త జబ్బవుతుంది.

ఇప్పుడు చిట్టికి అసలు మేలు చేసే సంగతులు.

మొదటిది ఇంట్లోనే చర్మం కింద సెలైన్ పెట్టడం. నరానికి కాదు, చర్మం కిందే. ఇది మీరు నేర్చుకోగలరు. డాక్టరుగారి ఎదుట ఒకటి రెండుసార్లు చేసి చూపించమని అడగండి. చిట్టి సైజు పిల్లికి మామూలుగా ఒక్కోసారికి 100 మి.లీ. అటూ ఇటుగా పెడతాం, రోజూనా రోజు విడిచి రోజా అన్నది రక్తపరీక్ష చూసి ఆయనే చెప్పాలి. మందుల షాపులో ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ అనే సెలైన్) సీసా, ఐవీ సెట్, సూదులు దొరుకుతాయి. ఆర్‌ఎల్ అనే అడగండి, గ్లూకోజు సీసా ఇస్తే తీసుకోవద్దు, అది చర్మం కింద పెట్టకూడదు. సీసాను గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో కాసేపు ఉంచి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూడండి, వేడీ చల్లదనం తెలియకూడదు. కిటికీ ఊచకు సీసా తగిలించి, గొట్టంలో గాలంతా పోయేదాకా కొంచెం వదలండి. పిల్లిని తువ్వాలు మీద మీ వైపు వీపు పెట్టి కూర్చోబెట్టి, ముందు గిన్నెలో దానికి ఇష్టమైనదేదో కాస్త పెట్టండి. రెండు భుజాల మధ్య వదులు చర్మాన్ని వేళ్ళతో గుడారంలా పైకెత్తితే కింద ఒక సంచిలా ఏర్పడుతుంది. సూది అందులోకి, వెన్నెముకకు సమాంతరంగా. అవతలి వైపు నుంచి బొచ్చు తడిస్తే సూది దాటిపోయిందని అర్థం, తీసి మళ్ళీ పెట్టాలి. అయ్యాక భుజం దగ్గర ఒక ముద్దలా వేలాడుతుంది, ఒక్కోసారి ముంగాలి దాకా జారుతుంది. కంగారు పడొద్దు, కొన్ని గంటల్లో ఇంకిపోతుంది. మర్నాటికీ ఇంకకపోయినా, ఊపిరి వేగం పెరిగినా ఆపి డాక్టరుకు చెప్పాలి. గుండె జబ్బున్న పిల్లులకు ఈ నీరు ఊపిరితిత్తుల్లో చేరే ప్రమాదం ఉంది, అందుకే మొదలుపెట్టే ముందు గుండె ఒకసారి విని చూడమనండి. మీ వీధిలో ఆర్‌ఎంపీ ఉంటే చెయ్యి తిరిగిన మనిషే గానీ, ఆయనకు నరం వెతికే అలవాటు. చర్మం కిందే అని ముందే చెప్పండి.

రెండోది తిండి. ఇక్కడే మన ఇళ్ళలో ఎక్కువ పొరపాట్లు. సముద్రం పక్క ఊళ్ళు కాబట్టి పిల్లికి ఎండు నెత్తళ్ళు వెయ్యడం అలవాటు. అందులో ఉప్పు ఉంటుంది, ముల్లుతో సహా తింటుంది కాబట్టి భాస్వరం బోలెడు. కిడ్నీ జబ్బులో పిల్లిని త్వరగా లాగేసేది ఈ భాస్వరమే. ఎండుచేప పూర్తిగా బంద్. కార్జం, ఎముకలు, పాలు, గుడ్డు పచ్చసొన కూడా తగ్గించాలి. అలాగని "కిడ్నీకి మాంసం మంచిది కాదట" అని మనుషుల పథ్యం పిల్లికి పెట్టి, పెరుగన్నం మీద ఉంచేవాళ్ళు ఉన్నారు. అది ఇంకా ఘోరం. పిల్లి మాంసం తిని బతికే జంతువు. టౌరిన్ అనే పదార్థం మాంసం నుంచే రావాలి, అది అందకపోతే గుండె, చూపు రెండూ దెబ్బతింటాయి. మాంసకృత్తులు బాగా కోసేస్తే కండ కరిగిపోతుంది, చిట్టి ఇప్పటికే చిక్కింది. కిడ్నీ పిల్లుల కోసం తయారుచేసిన రీనల్ డైట్ అని పొట్లాలు ఆన్‌లైన్‌లో వస్తాయి, ఖరీదైనవే గానీ ఈ జబ్బులో ఆయుష్షు పెంచినట్టు గట్టి రుజువున్నది దానికే. హోమియోకి, టానిక్కులకి పెట్టే డబ్బు అటు మళ్ళించండి. తడి రకం అయితే నీళ్ళూ ఒంటికి చేరతాయి. ఒక్కసారిగా మార్చొద్దు, పాతదానిలో కొంచెం కొంచెం కలుపుతూ రెండు మూడు వారాలు తీసుకోండి. వాంతులవుతున్న రోజుల్లో కొత్త తిండి మొదలుపెడితే దాన్ని జన్మలో ముట్టదు, పిల్లికి ఆ జ్ఞాపకం గట్టిది. కొనడం కుదరకపోతే ఉడికించిన కోడి మెత్తటి మాంసం, ఉడికించిన గుడ్డు తెల్లసొన, గుప్పెడు మెత్తటి అన్నం. మాంసం ఉడికిన నీళ్ళు పారబోస్తే భాస్వరం కొంత పోతుంది. కానీ ఇంటి వంటలో టౌరిన్, విటమిన్లు విడిగా కలపాలి, ఏది ఎంతో డాక్టరుని అడిగి మొదలుపెట్టండి. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర మెతుకు కూడా వద్దు, రక్తకణాలు విరిగిపోతాయి. ఏదీ తినని రోజున మాత్రం తినేదే పెట్టండి. పథ్యం కోసం పస్తు పెట్టకూడదు.

మూడోది బీపీ. కిడ్నీ పిల్లుల్లో చాలావాటికి బీపీ పెరుగుతుంది, కంటి పొర ఊడిపోయి రాత్రికి రాత్రే చూపు పోతుంది. మీ నాన్నగారు వేసుకునే ఆమ్లోడిపిన్నే పిల్లులకూ వాడతాం. కానీ 5 మి.గ్రా. మాత్రలో ఎనిమిదో వంతుతో మొదలుపెడతాం, అదీ బీపీ కొలిచాకే. ఇంట్లో ఉంది కదా అని విరిచి వెయ్యొద్దు. మీ ప్రాంతంలో చాలా ఇళ్ళలో డయాలసిస్ మాత్రల డబ్బాలు ఉంటాయి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

మెడ వాల్చి, తల ఎత్తలేనట్టు కూర్చుంటే పొటాషియం పడిపోయిందని అనుమానించాలి. వాంతులకు, ఆకలికి మంచి మందులు ఉన్నాయి, అడిగితే రాస్తారు.

ల్యాబ్ రిపోర్టు గురించి ఒక మాట. ఉద్దానంలో క్రియాటినిన్ అంటే ఏమిటో బడిపిల్లలకు కూడా చెప్పక్కర్లేదు, పక్కింటాయనకి ఎంత, డయాలసిస్ ఎప్పటి నుంచి అన్నది మీకు రోజూ వినపడే మాటే. కానీ ఆ లెక్క పిల్లికి సరిపోదు. మనుషుల ల్యాబ్ కాగితం మీద పక్కన ముద్రించేది మనిషి హద్దు. పిల్లికి 1.6 దాకా మామూలే. 1.6 నుంచి 2.8 దాకా రెండో దశ, 2.9 నుంచి 5 దాకా మూడోది, 5 దాటితే నాలుగోది. చిట్టి 3.4, అంటే మూడో దశ. అది కూడా వాంతులతో ఎండిపోయి ఉన్న రోజు తీసిన రక్తం కాబట్టి అసలు అంకె ఇంతకంటే తక్కువే ఉండొచ్చు. పిల్లి కాస్త స్థిమితపడ్డాక మళ్ళీ తీయిస్తేనే దశ తెలుస్తుంది. మూడో దశ పిల్లులు శ్రద్ధగా చూసుకుంటే ఒకటి రెండేళ్ళు, కొన్ని అంతకు మించి హాయిగా గడపడం మామూలే. కాబట్టి "నయం కాదు" అన్న మాట విని టెన్షన్ పడిపోకండి. నయం కాదన్నారు గానీ రేపే పోతుందనలేదు.

నీళ్ళ ప్రశ్నకు వస్తాను. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు మనుషుల్లో వచ్చే కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఏమిటో ఎన్ని పరిశోధనలు జరిగినా ఇప్పటికీ తేలలేదు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి, హిరమండలం నుంచి పైపులైన్లలో నీళ్ళు తెచ్చారు. పిల్లుల సంగతికొస్తే, పదేళ్ళు దాటిన పిల్లికి కిడ్నీ జబ్బు లండన్‌లో అయినా టోక్యోలో అయినా సర్వసాధారణం. ముసలి పిల్లుల్లో ఎక్కువగా కనిపించే జబ్బుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. చిట్టికి పన్నెండేళ్ళు. దానికి వయసే చాలు, ఉద్దానం అక్కర్లేదు. మీరు తాగే నీళ్ళే దానికీ పెట్టండి, మంచినీళ్ళ డబ్బా నీళ్ళయితే అవే. ఒక్క గిన్నె కాకుండా ఇంట్లో మూడు నాలుగు చోట్ల పెట్టండి, అన్నం గిన్నె పక్కన వద్దు, పిల్లులకు అది నచ్చదు. ఎక్కువ తాగుతోందని నీళ్ళు దాచేవాళ్ళు కూడా ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి.

మావయ్యగారితో వాదన తెగాలంటే ఒక దారుంది. "హుషారుగా ఉంది" అన్న మాట మానేసి అంకెలు రాయండి. చిట్టిని అట్టపెట్టెలో పెట్టి కిరాణా షాపు ఎలక్ట్రానిక్ కాటా మీద వారానికొకసారి తూయించండి. మనుషులు ఎక్కే మిషన్ వద్దు, పిల్లి వంద గ్రాములు తగ్గినా అందులో కనపడదు. క్యాలెండర్ గడిలో ఆ రోజు బరువు, వాంతి అయిందా, ఎంత తింది, సెలైన్ ఎంత పట్టింది, గుళిక వేశారా అన్నీ రాయండి. గుళికలు ఒక నెల వేసి ఒక నెల మానండి, సెలైన్, తిండి మాత్రం రెండు నెలలూ ఒకేలా సాగనివ్వండి. వేసిన నెలకూ మానిన నెలకూ తేడా ఉందేమో మావయ్యగారే కాగితం చూసి చెప్తారు. దీన్ని తిరగేసి, సెలైన్ ఒక నెల ఆపి చూద్దాం అని మాత్రం అనొద్దు. ఆ ప్రయోగానికి చిట్టి దగ్గర కిడ్నీ మిగల్లేదు.

దగ్గరలో ఎక్కడికి వెళ్ళాలంటే, సెలైన్‌కి, ఇంజక్షన్‌కి మీ పశువుల ఆసుపత్రి చాలు. 1962కి ఫోన్ చేస్తే వచ్చే బండి ముఖ్యంగా పాడి పశువుల కోసం. బీపీ కొలవడానికి, స్కానింగ్‌కి మీకు విశాఖ కంటే బరంపురం దగ్గర, కంచిలిలో రైలెక్కితే సరిపోతుంది. ముందు ఫోన్ చేసి పిల్లి బీపీ కొలిచే మిషన్ ఉందా అని కనుక్కుని బయల్దేరండి, కుక్కలు మాత్రమే చూసే క్లినిక్కులు ఉంటాయి. విజయనగరం వైపు వాళ్ళకైతే గరివిడి వెటర్నరీ కాలేజీ ఉంది. ఎక్కడికి వెళ్ళినా క్రియాటినిన్, యూరియాతో పాటు భాస్వరం, పొటాషియం, థైరాయిడ్ రాయమనండి. ముసలి పిల్లుల్లో థైరాయిడ్ పెరిగినా చిక్కిపోతాయి, నీళ్ళు తాగుతాయి, అది కిడ్నీ అంకెను కప్పేస్తుంది కూడా. మూత్రం కూడా చూడాలి, ప్రోటీన్ పోతోందా, ఎంత చిక్కగా ఉందీ అని. చిక్కదనం పట్టీ ముంచి చూస్తే పిల్లి మూత్రానికి సరైన అంకె రాదు, రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న గొట్టంలో చూడమనండి. ప్రయాణానికి జోలె కాదు, మూత ఉన్న ప్లాస్టిక్ బుట్ట, అందులో దాని పాత గుడ్డ. క్యాలెండర్ కాగితం, పాత రిపోర్టు, వాడుతున్న మందులన్నీ పట్టుకెళ్ళండి, హోమియో సీసాలతో సహా. డాక్టరు కోప్పడతాడని అవి ఇంట్లో దాచిరావద్దు, ఏమేం లోపలికి వెళ్తోందో ఆయనకు తెలియాలి. మళ్ళీ రక్తం తీయించాక అంకెలు, బరువు రాసి పంపండి, సెలైన్ పెంచాలా తగ్గించాలా అప్పుడు చూద్దాం.